ప్రత్యామ్నాయం ఎవరికి?

వాక్యంలో కర్త ఎక్కడున్నాడో వెతకడం నాకున్న ఒక పాడు అలవాటు. కథలు చదివేటప్పుడు మొదలైంది. ఇప్పుడు పర్యావరణ నివేదికల దగ్గర కూడా వదలట్లేదు. "మడ అడవులు తరిగిపోతున్నాయి" అని రాస్తారు. తరిగిపోవడం వేరు, తరగడం వేరు. తరిగినవాడెవడో ఆ వాక్యంలో ఉండడు. నాలుగు పేరాల తర్వాత దొరుకుతాడు: "స్థానికుల ఒత్తిడి". వెంటనే మందు కూడా రాసేస్తారు: "ప్రత్యామ్నాయ జీవనోపాధి". నా పేచీ ఈ మాటతోనే.

కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో కోరింగ అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మనలాంటి వాళ్ళం చెక్కల వంతెన మీద నడిచి, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేర్లని ఫోటో తీసుకుని, నీటిపిల్లి కనబడలేదని నిట్టూర్చి వెనక్కొచ్చేస్తాం. నేనూ అంతే. ఆ ఫోటోల్లో మనుషులుండరు. మనం రాసుకునే ప్రకృతి వ్యాసాల్లోనూ ఉండరు. కానీ ఆ వేర్ల మధ్యే మండపీతలు బతుకుతాయి. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్లలు పోటుతో పాటు లోపలికొచ్చి, ఇక్కడ పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతాయి. పాయల్లో వల వేసేవాడికీ, సముద్రంలో వేటకెళ్ళేవాడికీ ఆ అడవే నారుమడి. అంటే జీవనోపాధి అక్కడ ఇప్పటికే ఉంది. దానికి ప్రత్యామ్నాయం ఎందుకు?

పీతలు పట్టేవాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళకి కుట్టుమిషన్ ఇస్తారనుకోండి. మంచిదే, కుట్టుమిషన్ మీద నాకు పగేం లేదు. కానీ లెక్క చూడండి. రేపు మడ అడవి మొత్తం పోయినా జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు ఉంటారు, ఆ ఆదాయం ఆగదు. పీతల ఆదాయం మాత్రం ఆ రోజే ఆగిపోతుంది. అలాంటప్పుడు చెట్టు మీద గొడ్డలి పడితే ముందు గొంతెత్తేది ఎవరు? అడవితో లంకె తెంచే ఉపాధి పేదరికాన్ని తగ్గించొచ్చు, అడవికి కాపలా మాత్రం పెట్టదు.

"స్థానికులు నరకట్లేదా?" అంటారు. నరుకుతారు. వంటచెరుకుకీ, కంచెలకీ కొడతారు, పశువుల్ని తోలతారు. గ్యాసు బండ అందుబాటులో ఉంటే అందులో కొంత తగ్గుతుంది కూడా. కానీ అసలు నరుకుడు ఎవరిదో చరిత్ర చూడాలి. తమిళనాడు పిచ్చావరంలో బ్రిటిష్ కాలం నుంచి దశాబ్దాల పాటు అటవీశాఖే మడ చెట్లని వంతులవారీగా నరికించింది. ఎండ తగిలిన నేల కుంగింది, నీళ్ళు నిలిచాయి, ఆవిరై ఉప్పు పేరుకుంది, ఇక మొక్క మొలవలేదు. నింద మాత్రం ఊళ్ళ మీద పడింది. ఎమ్మెస్ స్వామినాథన్ పరిశోధనా సంస్థ దీన్ని పట్టుకుంది. చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి పోటునీళ్ళు లోపలికి పోయేలా చేస్తే అడవి తిరిగొచ్చింది. ఆ పని ఊరివాళ్ళతో కలిసే జరిగింది. అదే పద్ధతి మన గోదావరి, కృష్ణా డెల్టాలకీ వచ్చింది.

ఇక రొయ్యల చెరువులు. తీరప్రాంత నియంత్రణ మండలంలో, సంప్రదాయ పద్ధతులవి తప్ప, మిగతావి తొలగించమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి, రిజిస్ట్రేషన్‌తో సాగు చేసుకునే దారి వేసింది. గట్టు వేస్తే పోటుపాట్లు ఆగుతాయి, నీరు ఆగితే మడ చస్తుంది. అయినా చెరువుల యజమానుల కోసం ఎవరైనా కుట్టుమిషన్ల శిక్షణా శిబిరం పెట్టారా? 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నేలని చదును చేసిన వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అక్కడ తప్పు పీతల వలది కాదు. బతుకు మార్చుకోమని మనం ఎవరికి చెప్తున్నామో, ఎవరికి చెప్పట్లేదో గమనించండి. ప్లేట్లో రొయ్యల వేపుడు పెట్టుకుని మడ అడవుల మీద కవిత రాసే నాకు కూడా ఎవరూ చెప్పలేదు.

మరి చెయ్యాల్సింది ఏంటి? ముందు హక్కు. 2006 అటవీహక్కుల చట్టం చేపలూ, ఇతర జల ఉత్పత్తుల మీద సామూహిక హక్కుని గుర్తిస్తుంది, అభయారణ్యాల్లో కూడా. గిరిజనులు కాని సంప్రదాయ నివాసులు మూడు తరాల, అంటే 75 ఏళ్ళ నివాసం చూపించాలి. కాగితాల్లేని పల్లెకారుకి అది కొండ. ఆ కొండ ఎక్కించడం సంరక్షణ పనే. హక్కు ఉన్నప్పుడే నియమం నిలుస్తుంది. చిన్న పీతని, గుడ్లున్న పీతని వదిలెయ్యమని చెప్తే ఇవాళ ఎవరు వదులుతారు? తను వదిలింది పక్కవాడు పట్టుకుపోతాడని తెలిసినవాడు వదలడు. పక్కవాణ్ణి ఆపే అధికారం ఊరికి ఉంటే వదులుతాడు.

ఆ తర్వాత ధర. అదే పీతకి ఎక్కువ డబ్బు రావాలి, ఎక్కువ పీతలకి కాదు. దానికి కావాల్సినవి గొప్పవేం కావు: సరైన కాటా, ఐసు, షావుకారు అప్పులో ఇరుక్కోని పడవ. చెక్కల వంతెన టిక్కెట్ల డబ్బు ఏ ఊరికి ఎంత చేరిందో ఆ ఊళ్ళోనే బోర్డు మీద రాసి పెట్టడం. బడ్జెట్ ప్రసంగంలో చెప్పుకోడానికి ఇవి బావుండవు, నాకు తెలుసు.

అందుకే ఇకమీదట ఎవరైనా "ప్రత్యామ్నాయ జీవనోపాధి" అని రాస్తే, "ఎవరికి?" అని మార్జిన్‌లో రాయబోతున్నాను. జవాబు మళ్ళీ పీతలు పట్టేవాడేనైతే, ఆ నివేదిక రాసినవాళ్ళు వాక్యంలో కర్తని ఇంకా దాస్తున్నట్టే.