తొలగిన వేలిని ఇంట్లో లాగవచ్చునా?

బంతి తగిలి గాని, జారిపడి గాని వేలు వంకరపోయినప్పుడు మన ఇళ్ళలో మొదట వినిపించే మాట "బెణికిందిలే, కాస్త లాగితే సరిపోతుంది" అని. పెద్దవారెవరో వేలు పట్టి లాగుతారు. మెటిక విరిచినట్లు చప్పుడు వస్తుంది. ఆపైన పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తారు. ఈ అలవాటు మంచిది కాదని నా దృఢాభిప్రాయం. ఆయుర్వేదం పేరు చెప్పి దీనిని సమర్థించడం మరీ అన్యాయం.

సుశ్రుతుడు నిదానస్థానం 15వ అధ్యాయంలో కీలు తొలగుటను ఆరు విధాలుగా, ఎముక విరుగుటను వేరుగా 12 విధాలుగా వివరించాడు. ఏది తొలగినదో, ఏది విరిగినదో తేల్చుకొనకుండా చేయి వేయరాదనే కదా దీని అర్థం! చికిత్సాస్థానం 3వ అధ్యాయంలో వేలి ప్రస్తావన ప్రత్యేకంగా ఉన్నది. వేలిని సమంగా నిలిపి, సన్నని గుడ్డతో చుట్టి, నేతితో తడపమన్నాడు. కట్టు వదులైతే కీలు నిలవదనీ, మితిమీరి బిగిస్తే వాపు, నొప్పి, పుండు కలుగుతాయనీ హెచ్చరించాడు. నాటి వైద్యునికి చూపు, స్పర్శలే ఆధారం. నేడు ఎక్స్‌రే ఉన్నది. పుత్తూరు కట్టుకు వెళ్ళేవారిని నేను నిందించను గాని, ఎక్స్‌రే తీయించుకొని వెళ్ళమంటాను. అది ఎదుటి నుండే గాక పక్క నుండి కూడా తీయించాలి.

తరచుగా తొలగేది వేలి నడిమి కణుపు. సాధారణంగా ముందరి ఎముక వేలి వెనుక వైపుకు జారుతుంది. అలా కాక అరచేతి వైపుకు జారితే వేలి పైనున్న స్నాయువు తెగే ప్రమాదమున్నది. లాగిన వెంటనే వేలు చక్కగానే కనిపిస్తుంది. కొన్ని వారాలకు నడిమి కణుపు వంగిపోయి, కొస పైకి లేస్తుంది. అందుచేత కీలు సరిచేసిన తరువాత రోగి తనంతట తాను వేలు చాచగలుగుతున్నాడా అని వైద్యుడు పరీక్షించాలి.

చూపుడు వేలి మొదటి కీలు సంగతి మరీ విచిత్రం. తొలగిన ఎముక తల కండరాలకు, స్నాయువులకు నడుమ చిక్కుకొనవచ్చును. అప్పుడు లాగేకొద్దీ ఉచ్చు బిగుస్తుంది. దీనిని 1957లో కప్లాన్ అనే శస్త్రవైద్యుడు వర్ణించాడు. అరచేతిలో చర్మం సొట్టపడడం దీని గుర్తు. దీనికి తరచుగా శస్త్రచికిత్సే శరణ్యం. పిల్లలలోనైతే, తొలగినట్లు కనిపించేది నిజానికి ఎముక పెరిగే చోట విరుగుడు కావచ్చును.

ఇంట్లో చేయదగినది కొద్దిగానే ఉన్నది. వాపు రాకముందే ఉంగరం తీసివేయాలి. మంచుముక్కలను గుడ్డలో చుట్టి అద్దాలి. వేలు కదలకుండా చిన్న బద్దను ఆనించి కట్టి, చేయి ఎత్తి ఉంచి ఆసుపత్రికి వెళ్ళాలి. చర్మం చీలినా, కొస తెల్లబడి తిమ్మిరెక్కినా క్షణం ఆలస్యం తగదు.

సరిచేసిన కీలు నిలకడగా ఉంటే, పక్క వేలితో కలిపి సుమారు మూడు వారాలు కట్టి ఉంచి, వైద్యుడు చెప్పిన మేరకు త్వరలోనే కదపడం మొదలుపెట్టాలి. నెలల తరబడి కట్టివేస్తే కణుపు బిగుసుకుపోతుంది. గోరువెచ్చని నువ్వుల నూనె మర్దన ఆ తరువాతి మాట. అదీ వైద్యుడు సరేనన్న పిమ్మటనే, మృదువుగా. వాపు కొన్ని నెలలపాటు నిలిచినా కంగారుపడి మళ్ళీ లాగించవద్దు.