మూకుట్లో నూనె సంగతి తెలిసినవాళ్ళకి కారు ఆయిలు ఒక లెక్కా?

కిందటి వేసవిలో అమ్మని రేపల్లె నుంచి తెనాలి తీసుకొస్తున్నాను. డ్రైవింగ్ నాదే. భట్టిప్రోలు దాటి వేమూరు వైపు వస్తుంటే స్టీరింగ్ ముందు ఎర్రటి నూనె డబ్బా బొమ్మ వెలిగింది. మావారికి ఫోన్ చేస్తే, "ఇంకెంత దూరం, మెల్లగా వచ్చెయ్" అన్నారు.

నేను రాలేదు. ఎర్ర దీపమంటే ఆగమనే కదా అర్థం! పక్కకి తీసి ఇంజను ఆపేశాను. డెబ్బై నాలుగేళ్ళ అమ్మ, ఎర్రటి ఎండ, అటూ ఇటూ పొలాలు. ఎవరినో బతిమాలితే ఊళ్ళోంచి మెకానిక్‌ని బండి మీద తీసుకొచ్చారు. అతను ఆయిలు పుల్ల లాగి చూస్తే కొసకి కూడా తడి లేదు. కిందకి వంగి చూసి, "ఈ ఫిల్టరు మార్చి రెండేళ్ళయినా అయి ఉంటుందమ్మా. ఇంకాస్త దూరం నడిపితే ఇంజను పట్టేసేది" అన్నాడు.

నా బ్యాగులో రెండు నెలల కిందటి సర్వీసు బిల్లుంది. కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు, కూలీ. అంతా కలిపి రూ. 3,600.

ఇంటికొచ్చి ఆ బిల్లు మావారి ముందు పెట్టాను. "పోనీలే, ఈసారి వేరే చోట ఇద్దాం" అన్నారు. నాకు మంటెక్కింది ఆ "పోనీలే" దగ్గరే. కూరగాయల బండి దగ్గర వంకాయ ఒకటి పుచ్చు వస్తే మనం ఊరుకుంటామా? మరి మూడు వేల ఆరువందలకి ఎందుకు ఊరుకోవాలి? పుల్ల లాగి చూసుకోవడం ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి!

"నేనే మారుస్తాను" అన్నాను. మావారు నవ్వారు. మా అత్తగారు, "ఆ మసి చేతులతో తులసికోట దగ్గరికి రాకు తల్లీ" అన్నారు. పక్కింటి అన్నయ్యగారు గోడ మీంచి, "అది మగవాళ్ళ పని కదమ్మా" అన్నారు.

అయ్యా, గ్యాస్ బండకి రెగ్యులేటర్ రోజూ ఎవరు తిప్పుతున్నారు? కుక్కరు గ్యాస్కెట్టు సాగితే మార్చేదెవరు? సేఫ్టీ వాల్వు పోయిందని కనిపెట్టేదెవరు? సలసల కాగే నూనెలో గారెలు వేసేదెవరు? నిప్పు, ఆవిరి, గ్యాసు మన చేతికిచ్చి, చల్లారిన ఇంజను కింద ఒక్క బోల్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకి చేతకాదంటారు. ఈ లెక్క ఎవరు వేశారో చెప్పండి.

ఇంతకీ ఆ బ్రహ్మవిద్య ఏమిటో వినండి. ఇంజను అయిదు నిమిషాలు నడిపి ఆపాలి. ఆయిలు గోరువెచ్చనై పలచబడుతుంది, మడ్డితో సహా దిగుతుంది. కారు బరువుకి సరిపడే ర్యాంపుల మీద ముందు చక్రాలు ఎక్కించి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి అడ్డు పెట్టాలి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కింద మాత్రం దూరకండి, ప్రాణాలు పోతాయి. గ్లవ్స్ వేసుకుని, కింద ఒక పాత బేసిన్ పెట్టి, రింగు స్పానరుతో అడుగు బోల్టు విప్పితే నల్లటి ధార. అది ఆగాక బోల్టుకి కొత్త వాషర్ వేసి బిగించాలి. పాత ఫిల్టరు తిప్పి తీసి, కొత్తదాని రబ్బరు రింగుకి కొంచెం కొత్త ఆయిలు రాసి చేత్తోనే బిగించాలి. రింగు కుక్కరు గ్యాస్కెట్టుకి చెల్లెలే! కారుతో వచ్చిన పుస్తకంలో ఏ రకం, ఎన్ని లీటర్లు అని రాసి ఉంటుంది. మాకు 5డబ్ల్యూ-30, మూడు లీటర్లు. ముందు కాస్త తక్కువే పోసి, పుల్ల మీది రెండు గీతల మధ్యకి వచ్చేదాకా చూసుకుంటూ కలపాలి. ఎక్కువైనా చేటే. ఒకసారి స్టార్ట్ చేసి, కింద కారడం లేదని చూసి, కారు చదునుగా దింపి, కాసేపాగి మళ్ళీ పుల్ల చూడాలి. అంతే.

మొదటిసారి నాకు గంటన్నర పట్టింది. సామానుకి అయింది రూ. 1,450. కారు వారంటీలో ఉన్నవాళ్ళు కంపెనీ దగ్గరే చేయించి బిల్లులు దాచుకోండి. నేనేమీ మెకానిక్‌ల పొట్ట కొట్టమనడం లేదు. ఆ ఎండలో వచ్చి నన్ను గట్టెక్కించిందీ మెకానిక్కే.

అసలు గొడవ తర్వాత మొదలైంది. నల్లటి ఆయిలు ఏం చెయ్యాలి? "కాలవలో పోసెయ్" అన్నది ఒకరు. "గుంజలకి పూస్తే చెద పట్టదు" అన్నది ఇంకొకరు. ఎంత తేలిగ్గా అనేస్తారో! మన తెనాలి మధ్యలోంచి మూడు కాలవలు పోతున్నాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే ఆ నీళ్ళే దిగువకి పోయి వరికి పారతాయి, చెరువులకి ఎక్కుతాయి. బాపట్లలో చదువుకుంటున్న మా అమ్మాయి తాగేదీ, రేపల్లెలో మా అమ్మ బిందెలో పట్టేదీ కృష్ణ నీళ్ళే. పైన కూర్చుని విషం పోసి కింద పిల్లల్ని కాచిన నీళ్ళు తాగమని చెప్పడం ఏం న్యాయం? కాచినంత మాత్రాన ఇంజనులో అరిగిన లోహాలు పోతాయా?

2016 నాటి నిబంధనల ప్రకారం వాడేసిన ఇంజను ఆయిలు మామూలు చెత్త కాదు, ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యతలో ఆయిలు తయారుచేసే కంపెనీలకీ వాటా పెట్టారు. నేను పాత ఆయిలు కొత్త డబ్బాలోనే తిరిగి పోసి, మూత బిగించి, డ్రమ్ముకి పట్టి రీసైక్లింగుకి పంపే షెడ్డుకి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ అబ్బాయి, "మార్చుకోవడం మీరే మార్చుకుని, పారబొయ్యడానికి మా దగ్గరికొచ్చారా మేడం?" అని నవ్వాడు. నవ్వితే నవ్వనీ. ఆ పనికి బద్ధకించేవాళ్ళు ఇంట్లో ఆయిలు మార్చకపోవడమే మంచిది.

అందరూ కారు కింద దూరాలని నేననను. కానీ కారు నడిపే ప్రతి ఆడదీ ఆ పుల్ల లాగడం నేర్చుకోవాలి. గుడ్డతో తుడిచి, ముంచి, తీసి చూడ్డానికి ఒక్క నిమిషం. సర్వీసు నుంచి కారు రాగానే వాళ్ళ ముందే లాగి చూడండి. పెట్రోలు కారులో కొత్త ఆయిలు తేనె రంగులో ఉంటుంది. డీజిలు కారులో వెంటనే నల్లబడుతుంది కాబట్టి, అక్కడ పాత ఫిల్టరు తెచ్చి చూపించమని అడగండి. చూసేవాళ్ళున్నారని తెలిస్తే చెయ్యని పనికి బిల్లు రాయడానికి ఎవరికైనా చెయ్యి వణుకుతుంది.

మావారు ఇప్పుడు నవ్వడం లేదు. మొన్నామధ్య బేసిన్ ఆయనే పట్టుకొచ్చి పెట్టారు. మా అమ్మయితే కారెక్కే ముందు, "ఏమే అమ్మాయ్, పుల్ల చూశావా?" అని అడిగి మరీ ఎక్కుతోంది.