తొలి 24 గంటలు

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజున పులికాట్ చుట్టుపక్కల పల్లెలన్నీ ఆకాశం వైపు చూస్తాయి. 2023 జూలై 14న చంద్రయాన్-3 వెళ్లినప్పుడూ అంతే. సెకన్లతో సహా లెక్కపెట్టే ఆ కౌంట్‌డౌన్ మనందరికీ తెలుసు. అదే తీరంలో పుట్టే ప్రతి బిడ్డకూ ఒక కౌంట్‌డౌన్ ఉంది. దాని సంగతి మన సంఘాల్లో ఎందరికి తెలుసు?

హెపటైటిస్-బి ఉన్న తల్లి నుంచి కాన్పు సమయంలో బిడ్డకు ఆ వైరస్ సోకవచ్చు. పెద్దవాళ్లకు సోకితే చాలామందిలో దానంతటదే పోతుంది. పుట్టుకతో సోకిన బిడ్డల్లో మాత్రం 10 మందిలో సుమారు 9 మందికి అలాగే ఉండిపోతుంది. పెద్దయ్యాక లివర్ గట్టిపడటానికో, క్యాన్సర్‌కో దారితీయవచ్చు. పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా, తర్వాత 6, 10, 14 వారాల డోసులు పడితే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. తల్లికి వైరస్ ఉందని ముందే తెలిస్తే బిడ్డకు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. అవసరమైతే చివరి నెలల్లో తల్లికి మాత్రలిస్తారు.

ఈ టీకా మనకు పరాయిది కాదు. దిగుమతి టీకా పేదలకు అందని రోజుల్లో, నెల్లూరు జిల్లా బిడ్డ వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని మన దేశంలోనే తయారుచేసి చౌకగా అందించింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో పసిబిడ్డకు ఉచితం. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులూ ఉచితమే.

మరి అడ్డేమిటి? భయం, సిగ్గు. "ఎక్కడ తెచ్చుకుందో" అన్న ఒక్క మాటకు జడిసి కోడలు పరీక్ష సంగతి దాచేస్తుంది. ఆమెకు అది పుట్టుకతోనే వచ్చి ఉండవచ్చు. ఒకే కంచంలో తిన్నా, ప్రభు బల్ల దగ్గర ఒకే గిన్నెలో తాగినా ఈ జబ్బు అంటదు. టీకా వేయించిన బిడ్డకు తల్లి పాలు నిక్షేపంగా ఇవ్వవచ్చు.

ఇంకొక మాట. గర్భిణికి పచ్చకామెర్లు కనిపిస్తే పసరు వైద్యంతో రోజులు గడపకండి. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఇ నెలలు నిండే తల్లికి ప్రాణాంతకం కావచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

కాపరులారా, సుఖప్రసవం కోసం ప్రార్థించమని సహోదరి వచ్చినప్పుడు తప్పక ప్రార్థించండి. ఆమెన్ అన్నాక ఒక్కమాట అడగండి: "అమ్మా, హెపటైటిస్ రక్తపరీక్ష చేయించుకున్నావా?" బిడ్డ పుట్టిందన్న కబురు రాగానే రెండో మాట అడగండి: "మొదటి టీకా పడిందా?" ఆ రెండు ప్రశ్నలూ మన పరిచర్యలో భాగమే.