డప్పును గేటు దగ్గరే ఆపవద్దు



ప్రతి వార్షికోత్సవానికీ డప్పు బృందాన్ని పిలుస్తాం. వాళ్ళు ముఖ్య అతిథిని గేటు నుండి వేదిక దాకా తీసుకొస్తారు. అతిథి కుర్చీలో కూర్చోగానే వాళ్ళ పని అయిపోతుంది. ఆ తరువాత వేదిక మీద సినిమా పాటలకు నృత్యాలు మొదలవుతాయి. ఈసారి డప్పు కూడా వేదిక ఎక్కాలని నా అభిప్రాయం.

ఈ మాట చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మా నాయన డప్పు కొట్టేవాడు. ఊళ్ళో ఎవరు చనిపోయినా, అర్ధరాత్రి అయినా పిలుపు వచ్చేది. రానంటే కుదిరేది కాదు. కూలి వాళ్ళు ఇచ్చినంతే. "ఇది నాతోనే పోవాలె బిడ్డా, నువ్వు సదువుకో" అనేవాడు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. అమీర్‌పేటలో కోచింగ్‌కు వెళ్ళినప్పుడు మీ నాన్న ఏం చేస్తారని స్నేహితులు అడిగితే వ్యవసాయం అని అబద్ధం చెప్పాను.

ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి వెళితే ఆ స్నేహితులే డప్పుల ముందు చెమటలు కారేలా తీన్‌మార్ ఆడారు. అది మా నాయన చేతిలో మోగిన దెబ్బే. అందరినీ ఆడించే వాద్యాన్ని దాచుకున్నందుకు ఆ రోజు సిగ్గుపడ్డాను.

డప్పు తేలిక విద్య కాదు. మంట దగ్గర తోలును కాచి శ్రుతికి తేవాలి. ఎడమచేతిలో సన్నని చిటికెన పుల్ల, కుడిచేతిలో పొట్టి చిర్ర పట్టాలి. దెబ్బ మారినప్పుడు పదిమందీ ఒక్కరిలా మారాలి, అడుగు తప్పకూడదు. బృంద వాద్యమంటే ఇంతకన్నా ఏముంటుంది?

పంజాగుట్టకు దగ్గరలోనే ఏసీ గార్డ్స్ ఉంది. నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల వచ్చిన పేరది. ఆఫ్రికా సంతతి సిద్దీల మర్ఫా మోత నగరంలో ఎన్నో పెళ్ళి బరాత్‌లను ఆడించింది. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. గౌరవం ఇస్తే మన వాద్యాలకు ఏ వేదికా ఎత్తు కాదు.

"డప్పు వదిలించుకోవడానికే కదా చదువుకున్నది?" అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. బలవంతంగా కొట్టించిన చేతులు ఇక కొట్టనంటే అది న్యాయమే. కాని ఇష్టంతో నేర్చుకునేవారికి ఏ కులమైనా, ఆడపిల్లలైనా డప్పు అందాలి. అప్పుడే అది ఒక కులం పని కాకుండా అందరి కళ అవుతుంది.

కాబట్టి ఈ వార్షికోత్సవంలో పావుగంట డప్పుకే కేటాయిద్దాం. కూర్చొని విందాం. ఆహ్వాన పత్రికలో కళాకారుల పేర్లు వేద్దాం. పారితోషికం ముందే మాట్లాడి ఇద్దాం.

మొన్న దసరాకు ఇంటికి వెళ్ళి "నాకు నేర్పు నాయినా" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి వరిగడ్డి తెచ్చి మంట వేశాడు.

వెట్టి పోవాలి. విద్య మిగలాలి.