భరణమే పితృత్వం: శకుంతలోపాఖ్యాన పునఃపఠనం

తెలుగు విమర్శలో మాతృత్వం ఒక అధ్యయనాంశం. పితృత్వం ఒక అధికారస్థానం మాత్రమే. తండ్రిని ఆజ్ఞాపించేవాడిగా, వారసత్వం అందించేవాడిగా చర్చించినంతగా బిడ్డను పెంచేవాడిగా చర్చించలేదు. బిడ్డను లాలించే పురుషుడు కావ్యంలో కనిపిస్తే అతనిది 'మాతృహృదయం' అంటాం. ప్రశంసగా వినిపించే ఈ మాటలో ఒక తీర్పు దాగి ఉంది: లాలన తల్లి సొత్తు, తండ్రి దాన్ని అరువు తెచ్చుకున్నాడు. ఈ పరిభాషను విడిచిపెట్టాలన్నదే ఈ వ్యాసం వాదన.

నన్నయ ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానంలో ముగ్గురు తండ్రులున్నారు. మేనక పసికందును విడిచిపోయిందని చెప్పుకుంటాం. విశ్వామిత్రుడూ విడిచిపోయాడని చెప్పుకోం. ఆ శిశువును తెచ్చి పెంచినవాడు కణ్వుడు. కన్న కొడుకును నిండుసభలో ఎరుగనన్నవాడు దుష్యంతుడు. ఈ సభాఘట్టాన్ని మనం ప్రధానంగా సత్యవాక్య ప్రాశస్త్యంగా బోధిస్తున్నాం. అయితే సత్యాన్ని గుర్తుచేసిన శకుంతలే, పుత్రుని కౌగిలి చల్లదనానికి చందనమూ వెన్నెలా సాటిరావని చెప్పి, బిడ్డను అక్కున చేర్చుకోమంటుంది. ఆమె కోరింది అంగీకారం ఒక్కటే కాదు, స్పర్శ కూడా. ఆకాశవాణి సైతం ఇతడు నీ కొడుకే అని చెప్పి ఊరుకోలేదు. చేకొని భరించమని ఆజ్ఞాపించింది. భరతుడన్న పేరుకు ఆ భరణమే మూలం.

భరణమంటే పోషణవ్యయమే కాని పెంపకం కాదన్న ఆక్షేపణ రావచ్చు. 'భృ' ధాతువుకు మోయడం, పోషించడం రెండూ అర్థాలే. స్పర్శను కోరిన పద్యం అదే ఘట్టంలో ఉండగా, భరణాన్ని తిండీ బట్టలకు కుదించడం పాఠానికి అన్యాయం.

ఇది కావ్యచర్చకే పరిమితమైన విషయం కాదు. 2017 సవరణతో ప్రసూతి ప్రయోజన చట్టం మొదటి ఇద్దరు పిల్లల విషయంలో తల్లికి 26 వారాల సెలవు ఇచ్చింది. తండ్రి ఊసు ఎత్తలేదు. కేంద్రప్రభుత్వ పురుష ఉద్యోగికి ఉన్న పితృత్వ సెలవు 15 రోజులు. ప్రసవించిన దేహానికి విశ్రాంతి అవసరమన్నది నిజమే. కాని ఇంతటి అంతరాన్ని ఆ ఒక్క కారణం సమర్థించలేదు. పెంపకం తల్లి పని అన్న భావనే చట్టానికీ మన పరిభాషకూ పునాది. తండ్రి లాలనను మినహాయింపుగా కీర్తించినంతకాలం తల్లి శ్రమ సహజధర్మంగానే మిగిలిపోతుంది, లెక్కకు రాదు.

చట్టాన్ని మార్చే అధికారం సాహిత్యశాఖలకు లేదు. పరిభాషను మార్చే అధికారం ఉంది. కణ్వునిది పితృహృదయమేనని తరగతిగదిలో చెప్పడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.