వీక్ ఎవరు? మన పిల్లలా, మన బడా?



డాక్టరు సీటు కోసం మన వాడల పిల్లలూ నీట్ రాస్తున్నారు. కోచింగుకు లక్షలు పోయలేని ఇంట్లో ఫోనే మాస్టారు. ఆ ఫోనులో ప్రాక్టీసు యాప్. పిల్ల నాలుగు పరీక్షలు రాసిందో లేదో తీర్పు వచ్చేస్తుంది: ‘నువ్వు ఫిజిక్స్‌లో వీక్. ముందు బయాలజీ చెయ్యి.’

ఈ తీర్పులో మాయా లేదు, మంత్రమూ లేదు. పాత పేపర్లలో ఏ పాఠం నుంచి ఎన్ని ప్రశ్నలొచ్చాయి, పిల్ల ఎన్ని తప్పింది, ఎంతసేపు తీసుకుంది, పరీక్షకు ఎన్ని రోజులుంది, ఇవన్నీ లెక్కగట్టి, తక్కువ కష్టానికి ఎక్కువ మార్కులు రాల్చే పాఠాన్ని పైన పెడుతుంది.

పరీక్ష పదిహేను రోజుల్లో ఉంటే ఆ లెక్క మంచిదే, మేమూ కాదనం. కానీ ఇంటర్ మొదటి ఏడాదిలోనే అదే మాట చెబితే? నీట్ 2025లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. అందులో ఫిజిక్స్‌కు 180 మార్కులు, అంటే నాలుగో వంతు. సీటు ఇచ్చేది ర్యాంకును బట్టి. రెండేళ్లు ముందే నాలుగో వంతు వదులుకున్న పిల్లకు ర్యాంకు ఎక్కడిది?

సదిశల మీద, అదే వెక్టార్ల మీద, నేరుగా వచ్చే ప్రశ్నలు తక్కువ. అందుకని మార్కుల లెక్కలో అవి అడుక్కి పోతాయి. అవి రాకుండా బలాలు, చలనం ఎట్లా వస్తాయి? పునాది వదిలేసి గోడ కట్టమన్నట్టుంది!

ఇంకోటి. యాప్‌కు తప్పు కనబడుతుంది, తప్పుకు కారణం కనబడదు. తెలుగు మీడియం పిల్ల ఇంగ్లీషు ప్రశ్నను రెండుసార్లు చదువుకునేలోపు నిమిషం దాటిపోతుంది. పాఠం తెలిసినా ‘వీక్’ అని ముద్ర పడుతుంది. నీట్ పేపరు తెలుగులోనూ ఇస్తారని ఎంతమందికి తెలుసు? ఫిజిక్స్ లెక్చరరే లేని కాలేజీలో చదివిన పిల్లకూ, ముగ్గురు లెక్చరర్లున్న కాలేజీ పిల్లకూ ఒకటే ఎర్రగీత! తరతరాలుగా మనల్ని బడి గడప తొక్కనివ్వని పాపాన్ని మన పిల్ల తలకు చుడితే ఊరుకుంటామా?

యాప్‌లను పారెయ్యమనడం లేదు. వాడుకుందాం. ఏది ముందో ఏది వెనకో మాత్రం మనమే తేల్చుకుందాం. ప్రతి ఆదివారం సంఘం ఆఫీసులో పిల్లలచేత ఒక పాత పేపరు రాయించండి. ప్రతి తప్పు పక్కన నాలుగింటిలో ఒక మాట రాయించండి: మరిచాను, తొందరపడ్డాను, ప్రశ్న అర్థం కాలేదు, పాఠమే చెప్పలేదు. మరిచినదానికి మళ్లీ ప్రాక్టీసు. తొందరపడేవాళ్లకు గడియారం పెట్టి రాయించాలి, తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉందని గుర్తు చెయ్యాలి. అర్థం కానిదానికి తెలుగు, ఇంగ్లీషు ప్రశ్నలు పక్కపక్కన పెట్టి చదివించాలి.

పాఠమే చెప్పలేదన్న కాగితాలన్నీ దారం కట్టి పక్కన పెట్టండి. అది పిల్ల ఇంట్లో కూర్చుని తీర్చుకునే లోటు కాదు, సర్కారు లెక్చరర్ని వేసి తీర్చాల్సిన లోటు. ఆ కట్ట పట్టుకుని ముందు ప్రిన్సిపాల్ దగ్గరికి, పలక్కపోతే కలెక్టరు ఆఫీసుకు అందరం కలిసి పోదాం. పిల్లలు ఒంటరిగా పోకూడదు, తల్లిదండ్రులూ కదలాలి.

జై భీం!