కాస్త దారివ్వండి

పిల్లలూ, మొన్న తొమ్మిదో తరగతిలో ‘లెట్ త్రూ’ అనే ఇంగ్లీషు మాటకు తెలుగు అడిగాను. నాలుగైదు గొంతులు ఒక్కసారే “అనుమతించుట” అన్నాయి. నిఘంటువు చూస్తే తప్పనలేం. కానీ కిక్కిరిసిన రైలు పెట్టెలో మీరు దిగాల్సిన స్టేషను వచ్చినప్పుడు “నన్ను అనుమతించండి” అని చూడండి, నవ్వుతారు తప్ప ఎవరూ కదలరు. “కాస్త దారివ్వండి” అంటే చాలు, మనుషులూ మూటలూ పక్కకు జరుగుతాయి.

‘లెట్ ఇన్’ అంటే లోపలికి రానివ్వడం. ‘లెట్ త్రూ’ అనాలంటే మధ్యలో ఒక అడ్డు ఉండాలి: గేటు, గుంపు, చెక్‌పోస్టు. దాన్ని దాటి అవతలికి పోనివ్వడమే దాని అర్థం. ‘అతన్ని’ అనే మాట నడుమన వస్తుంది: ‘లెట్ హిమ్ త్రూ’. ‘లెట్ త్రూ హిమ్’ అనకూడదు. దిద్దేటప్పుడు తప్పును చూసుకోకుండా వదిలేసినా ఈ మాటే వాడతారు.

మన ‘వెళ్ళనివ్వండి’లో ‘ఇవ్వడం’ ఉంది. హిందీ ‘జానే దో’లోనూ, బెంగాలీ ‘జేతే దావ్’లోనూ అదే ఉంది. తమిళం ‘పోగ విడుంగళ్’, కన్నడం ‘హోగలు బిడి’ అంటాయి. అక్కడ ఉన్నది ‘విడవడం’. ఇచ్చినా, విడిచినా అడ్డుగా నిలబడ్డవాళ్ళే ఏదో ఒకటి చేయాలి. అందుకే ‘అనుమతించు’ను దరఖాస్తులకు ఉంచి, మనుషుల మధ్య ‘దారివ్వండి’ అనమంటాను.

ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. బదిలీల మీద ఆరు ఊళ్ళు తిరిగాను. ఒకచోట ఏడాది మధ్యలో అస్సాం నుంచి ఒక బాబు వచ్చాడు. తెలుగు అక్షరం రాదు. హాజరు పట్టీలో పేరు రాసుకుని, చివరి బెంచీలో కూర్చోబెట్టి అఆలు దిద్దమన్నాను. నా పని అయిందనుకున్నాను. రెండు నెలలు అతను నోరు విప్పలేదు. ఒకరోజు ముందు బెంచీ అమ్మాయి “నువ్విటు రా, నేను చదివి చెప్తా” అని పక్కన చోటిచ్చింది. వారం తిరిగేసరికి “టీచర్, నీళ్ళు తాగొస్తా” అన్నాడు. అతని మొదటి తెలుగు వాక్యం అదే. నేను అనుమతించాను, దారిచ్చింది ఆ అమ్మాయి.

మీలో చాలామంది వచ్చే ఏడు మరో ఊళ్ళో, మరో తరగతి గుమ్మంలో నిలబడతారు. అప్పుడెలా ఉంటుందో మీకు తెలుసు. కనుక మీ గుమ్మంలో కొత్త ముఖం కనిపిస్తే, బెంచీ మీద కాస్త జరగండి.